బంగారు డొప్పలో పరాయి యంత్రం

బంగారాన్ని వదిలిపెట్టి ఇత్తడిని ఎత్తుకుపోయిన దొంగ ఎవడు?

నరసరావుపేటలో దిగి, పంచనామాలో బంగారు గడియారం వివరాలు చదివినప్పటి నుంచి బాలసరస్వతి ఈ ఒక్క ప్రశ్నే అడుగుతున్నది. శవపంచనామా రాసిన హెడ్ కానిస్టేబుల్‌ను అడిగితే నవ్వాడు. ముద్దాయి తరఫు వకీలును అడిగితే తీరిగ్గా ఆలోచించి చెబుతానన్నాడు. ఇక మిగిలింది సర్కిల్ ఇన్‌స్పెక్టరు గోపాలకృష్ణయ్య. ఆయన బల్లకు ఎదురుగా, ఎవరూ కూర్చోమనకుండానే కూర్చుని, ఆయననూ అదే అడిగింది.

"ఏ ఇత్తడమ్మా తల్లీ?" అన్నాడాయన, చెవిలో పుల్ల తిప్పుకుంటూ. "బంగారు గడియారం దొరికింది. దొంగ దొరికాడు. మజ్జాన్నం మేజిస్ట్రేటు గారి ముందు నిలబెడతన్నా. ఇంకేం గావాల మీకు?"

"జవాబు."

యాభై దాటిన ఈ విధవరాలు గుంటూరు వకీళ్లకు ఆధారాలు వెతికిపెట్టడం వృత్తిగా పెట్టుకున్నదని ఆయన ఎరుగును. ఎరిగి ఉండటం వల్లనే కుర్చీ చూపించలేదు.

జరిగినది చెప్పుకోవడానికి చాలా సులువు. ఆదివారం మధ్యాహ్నం మిరపకాయల వర్తకుడు వెంకటరామయ్యను ఆయన మేడగదిలోనే ఎవరో ఇనుప దిమ్మతో తలమీద కొట్టి చంపారు. ఆ పెద్దమనిషికి ఉన్న వ్యసనమల్లా పాత జేబు గడియారాలు. ఇంట్లోని బంగారానికి లెక్క చెప్పాలనే బంగారం చట్టం వచ్చిన నాటి నుంచి పల్నాటిలో తాతల కాలపు గడియారాల డొప్పలు చాటుమాటుగా కుంపట్లలో కరిగిపోతున్నాయి. లోపలి ఇత్తడి యంత్రాలు దిక్కులేక మిగులుతున్నాయి. వెంకటరామయ్య ఆ యంత్రాలను చేరదీసేవాడు. యంత్రం పోగొట్టుకుని ఖాళీగా మిగిలిన డొప్పలనూ చేరదీసేవాడు. ఏ యంత్రం ఏ డొప్పలో ఇముడుతుందో చూసి జతపరచడంలో ఆయన ఆదివారాలు గడిచిపోయేవి. గడియారాలు బాగుచేసే యోబు చర్చి నుంచి నేరుగా వచ్చి సాయం చేసేవాడు. హత్య జరిగిన రోజున యోబు మేడమెట్లు దిగిపోవడం ఎదురుకొట్టు యజమాని చూశాడు. ఆ గదిలోనే ఉండే యోబు పనిముట్ల పెట్టెలో, అడుగున, గుడ్డలో చుట్టిన బంగారు గడియారం దొరికింది. పోలీసులకు అంతకుమించి అక్కరలేకపోయింది.

"గడియారం చూపించండి," అన్నది బాలసరస్వతి.

ఆయన సొరుగులోంచి తీసి, పిల్లకు తాయిలం ఇచ్చినట్టు, ఆమె ముందుకు తోశాడు. ముందూ వెనకా మూతలున్న బరువైన బంగారు డొప్ప. ఆమె బొడిపె నొక్కింది. మూత తెరుచుకున్నది. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపింది. లోపల ఏదో లొటలొటలాడింది.

"ఇటు చూడండి. ముందు మూత ఉన్న గడియారానికి కీ తిప్పే బొడిపె మూడు అంకె పక్కన ఉంటుంది. మూత లేనిదానికి పన్నెండు మీద ఉంటుంది. యంత్రాన్ని తయారుచేయడమే ఆ తేడాతో చేస్తారు. ఇది మూత ఉన్న డొప్ప. బొడిపె ఎక్కడున్నది?"

"పన్నెండు మీద."

"అంటే ఇది మూతలేని గడియారపు యంత్రం. దీని ఇల్లు ఇది కాదు." ఆమె వెనక మూతలు తెరిచి, సంచిలోని భూతద్దం తీసి ఆయన చేతికిచ్చింది. "యంత్రాన్ని డొప్పకు రెండు మరలు పట్టి ఉంచుతాయి. వాటి తలలు ఏళ్ల తరబడి నొక్కి అంచుమీద నెలవంకల్లాంటి గుర్తులు పెడతాయి. పాత నెలవంకలు రెండూ అక్కడ, నల్లబడి ఉన్నాయి. ఈ మరలేమో ఇక్కడ, కొత్త గీతలు మెరుస్తూ ఉన్నాయి. అసలు యంత్రాన్ని ఊడదీసి, డొప్ప బోసిగా కనిపించకుండా ఎవరో దీన్ని తెచ్చి కుక్కారు. దొంగకు కావలసినది బంగారం కాదు, లోపలి యంత్రం. అది ఏది? యోబు ఇంట్లో దొరికిందా?"

ఇన్‌స్పెక్టరు భూతద్దాన్ని కంటికి దూరంగా పెట్టుకుని చూశాడు కనుక, చూడనట్టే లెక్క. "యోబే మార్చుంటాడు."

"ఇరవై ఏళ్లుగా గడియారాలు విప్పుతున్నవాడు మార్చితే ఇట్లా మారుస్తాడా? వడ్రంగి ఎవడైనా తలుపును తలకిందులుగా బిగిస్తాడా?"

"అబ్బో, మా అమ్మగారు గడియారాల కాలేజీలో గూడా చదివినట్టుందే!" అన్నాడాయన. మునసబుగా పనిచేసిన తండ్రి గడియారాల మధ్య తాను పెరిగిన సంగతి ఈయనకు చెప్పడం అనవసరమని బాలసరస్వతికి తోచింది.

యోబును తీసుకువచ్చారు. నలభై ఏళ్ల మనిషి గోడ పట్టుకుని నడిచాడు. అతని కుడిచేతి వేళ్లు వాచి, కణుపులు తెలియకుండా ఉన్నాయి. ఆమె ఆ వేళ్లను చూసి, ఇన్‌స్పెక్టరును చూసింది. ఆయన కిటికీ చూస్తున్నాడు.

"యోబూ, ఆదివారం నిన్ను ఎందుకు రమ్మన్నారు?"

"పెళ్లి భోజనానికండి."

ఇన్‌స్పెక్టరు పకపకా నవ్వాడు. "చూశారా? పిచ్చి నాటకం మొదలుబెట్టాడు!"

"నాటకం గాదండి," అన్నాడు యోబు, ఆమెనే చూస్తూ. "జత కుదిరిందంటే ఆయనకదో సరదా. మిషను ఇచ్చినోడు ఆడపెళ్లివారంట, డొప్ప ఇచ్చినోడు మగపెళ్లివారంట. ఇద్దరినీ పిలిచి, వియ్యంకులారా అని బూరెలు బెట్టేవోరు. ఆ మిషను నేనిచ్చిందే. మాచర్ల తిరణాల్లో పాతసామాన్లోడి కాడ కొన్నా. 'ఒరేయ్ యోబూ, ఈ రెండూ కొత్తగా కలిసినయ్యి గాదురా, పుట్టినప్పుడే కలిసి పుట్టినయ్యి, మళ్లీ నా ఇంట్లో కలిసినయ్యి' అని చానా సంబరపడ్డారండి."

"డొప్ప ఇచ్చింది ఎవరు?"

"చెప్పలా. నీ వియ్యంకుడెవరో నువ్వే వచ్చి చూసుకో అన్నారు."

"వెళ్లి చూశావా?"

"ఆ రోజు చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభు భోజనం. చర్చి ఆలస్యంగా విడిచారు. నే బోయేతలికి తలుపుకు లోపల గడియ బెట్టుంది. పిలిచా, పలకలా. కునుకు దీస్తన్నారేమోనని దిగొచ్చా." అతను తల వంచుకున్నాడు. "అప్పటికే పెద్దాయన పోయున్నారంటగదండి."

వెంకటరామయ్య పోయి ఉంటే, లోపలి నుంచి గడియ పెట్టిన చెయ్యి ఎవరిదో ఈ గదిలో ఆలోచించినది ఒక్క బాలసరస్వతి. "వండి పెట్టిన ఇల్లాలిని అడిగారా, విందుకు ఎవరు వచ్చారని?"

"మొగుడు పోయిన మనిషిని పట్టుకుని బూరెల సంగతి అడగమంటారా?" ఇన్‌స్పెక్టరు లేచాడు. "బూరెలూ విస్తళ్లూ వంటింటి యవ్వారం. ఖూనీ కేసులో రాసుకునేయి గావు. ఎటూ ఈ గడియారం ఆవిడకు చూపించి గుర్తు పట్టించాల. అన్నం తిని ఆ ఇంటికొస్తా. అటు నుంచి అటే కోర్టుకు. ఈ లోపల మీరు చేసే ఘనకార్యం ఏందో చెయ్యండి."

వరండాలో యోబు భార్య కృపామణి, మిషన్ బడి పంతులమ్మ, ముట్టని క్యారియరు పట్టుకుని నిలబడి ఉన్నది. "వేళ్లు చూశారా అమ్మగారూ? ఆయన మళ్లీ మర పట్టుకోగలడా?"

ఓదార్పుకోసం అబద్ధం చెప్పడం బాలసరస్వతికి చేతకాదు. "తెలియదమ్మా. ముందు ఉరి తప్పించాలి," అని మెట్లు దిగింది.

వెంకటరామయ్య ఇంటి వాకిట్లో ఆమెకు ఎదురువచ్చినవాడు ఆయన బావమరిది పాండురంగారావు. మాచర్ల పక్కన విజయపురి సౌత్‌లో కాలవ పనుల ఓవర్సీరు. నలగని పంచె, మెత్తని మాట.

"రండమ్మా, ఎండన పడి వచ్చారు. ఆదివారం కబురు తెలిసి, దొరికిన బస్సు పట్టుకుని సాయంత్రానికి వచ్చి పడ్డా. అక్క మాట్లాడే స్థితిలో లేదు. ఏం కావాలన్నా నన్ను అడగండి."

హాల్లో ట్రంకుపెట్టెలు బార్లా తెరిచి ఉన్నాయి. చీరల మడతలు విప్పి ఉన్నాయి. పప్పుల డబ్బాలు కూడా వరసగా నేలమీదికి వచ్చాయి.

"ఇల్లు సర్దుతున్నానండి," అన్నాడు ఆమె చూపు గమనించి.

మైల ఇంకా తీరని ఇంట్లో పప్పుల డబ్బాలు సర్దే మగవాణ్ణి ఆమె తన జీవితంలో మొదటిసారి చూసింది. బయటి మెట్ల మీదుగా మేడ ఎక్కింది.

గదిని కడిగేశారు. పోలీసులు చూడవలసినవన్నీ చూడకుండానే కడగనిచ్చారు. బల్లమీద గాజుమూతల చిన్న డబ్బీలు, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క యంత్రం. పక్కన చెక్కపళ్లెంలో డొప్పలు, ప్రతిదీ మెత్తని గుడ్డలో చుట్టి ఉన్నది. ఒక్కటి మాత్రం గుడ్డ లేకుండా బోర్లా పడి ఉన్నది: మూతలేని వెండి డొప్ప, ఖాళీది. ఇప్పుడు బంగారంలో లొటలొటలాడుతున్న యంత్రం పుట్టిల్లు ఇదేనని ఆమెకు తెలిసిపోయింది. హంతకుడు చేతికందిన దాన్ని ఊడపీకి బంగారు డొప్పలో దూర్చాడు. అతనికి గడియారాలు తెలియవు.

డాబామీద మూల తట్టలో ఎండిన విస్తళ్లు మూడు కనిపించాయి. రెండింటికి బూరెల నూనె మరకలు. మూడోది వేసిన మడత వేసినట్టే శుభ్రంగా ఉన్నది. ఎదురుగా ఉన్న ఆకు చూడలేని మనుషులు ఒక మనిషిని ఉరికంబం దాకా నడిపిస్తారు! ఆమెకు కోపం వచ్చింది. కోపం వచ్చినప్పుడు ఆమె గొంతు మరింత తగ్గుతుంది.

"నన్ను పిలిచారా?" అంటూ సుబ్బరత్నం గుమ్మంలో నిలబడింది. ఆమె వెంకటరామయ్య భార్య. ఎవరూ పిలవలేదని ఇద్దరికీ తెలుసు.

"ఆదివారం మీవారు మూడు విస్తళ్లు పైకి తెచ్చారు. ఒకటి ఆయనది. ఒకటి యోబుకోసం వేసి, అతను రాక మిగిలినది. ఇంకొకదానిలో తిన్నది ఎవరమ్మా?"

"పైన ఎవరికి పెట్టేదీ నేను అడిగేదాన్ని గాదు అక్కయ్యగారూ. కులంగాని వాళ్లు గూడా వస్తారని, పైన తిన్న ఆకులు కిందికి తేవద్దనేదాన్ని. ఆయనే తీసుకుపోయి ఆయనే వడ్డించుకునేవోరు."

"మీరు అడగలేదు. కానీ మీకు తెలుసు."

సుబ్బరత్నం గోడకు ఆనుకున్నది. "ఇంటి గుట్టు వీధిలో పెట్టమంటన్నారా?"

"మీరు దాచినన్నాళ్లూ వాళ్లు యోబు చేతివేళ్లు ఒక్కొక్కటే చితక్కొట్టారు. నేను ఇప్పుడే చూసి వచ్చాను. మధ్యాహ్నం తరువాత అతను ఆ నొప్పికి తట్టుకోలేక, నేనే చంపానని మేజిస్ట్రేటు ముందు చెబుతాడు. అప్పుడు మీ గుట్టు భద్రంగా ఉంటుంది."

కింద ఎక్కడో డబ్బా మూత జారిపడిన చప్పుడు. సుబ్బరత్నం ఉలిక్కిపడింది.

"మజ్జిగ అడిగాడు," అన్నది చివరకు. "లోపలి మెట్లు దిగి వంటింట్లోకే వచ్చి, నా చేత్తో ఇచ్చిన మజ్జిగ తాగి, పెరటి గుమ్మాన పోయాడు. ఏరా, తిన్నావా అంటే ఊఁ అన్నాడు. మా ఆయన్ని కాఫీకి పిలవబోయి నేను చూసింది ఆ తర్వాత. మళ్లీ సాయంత్రం బస్సు దిగొచ్చినోడిలాగా వాకిట్లో పడి ఏడ్చాడు. అమ్మ పోతే నేను ఎత్తుకు పెంచినోడు అక్కయ్యగారూ! నా చెంగు పట్టుకు తిరిగినోడు!"

"బంగారు డొప్ప మీవారికి ఇచ్చింది అతనేనా?"

"కిందటేడు ఇచ్చాడు, ఎవరో అమ్మితే కొన్నానని." ఆమె నడుము దగ్గర చెంగు ముడి విప్పింది. "చాకలికి వేద్దామని వాడి చొక్కా జేబు తడిమితే ఇది దొరికింది. ఆనాటి నుంచి ఇల్లంతా వెతుకుతున్నాడు. నన్ను అడగడు. నేను చెప్పను. ఇద్దరం కూచుని అన్నం తింటన్నాం."

బాలసరస్వతి అరచేతిలో ఇత్తడి యంత్రం పడింది. తిప్పి చూసింది. పింగాణీ డయలుమీద నాలుగు అంకె పక్కన వెంట్రుకంత నీలిగీత.

ఆ గీతను ఆమె కళ్లతో ఎన్నడూ చూడలేదు. కానీ ఎరుగును. రెండేళ్ల కిందట మాచర్ల నుంచి వచ్చిన హజ్రా బీ నేలమీద వేలితో గీసి చూపించింది: "నాలుగు కాడ నీలం చీలిక అమ్మా, మా మామగారి నాటి గడియారం." కాలవ సర్వేయరుగా పనిచేసిన ఆమె భర్త ఇమాం సాహెబ్ శవం కృష్ణలో తేలినప్పుడు ఒంటిమీద గడియారం లేదు. కాలుజారి పడ్డాడని మాచర్ల పోలీసులు రాసి మూసేశారు. బాలసరస్వతి తిరగని ఆఫీసు లేదు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఆ కాగితం మీద సంతకం పెట్టినది, అప్పటికి మాచర్లలో ఉన్న ఈ గోపాలకృష్ణయ్యే.

ఇప్పుడు అంతా వరసలో నిలబడింది. అవే కాలవ పనుల్లో ఉన్న పాండురంగారావు ఇమాం సాహెబ్‌ను చంపి, అతని గడియారాన్ని రెండు ముక్కలు చేశాడు. డొప్ప బావగారికి చేరింది, యంత్రం తిరణాల్లో పాతసామాన్లలో కలిసింది. ఆ రెండింటినీ కలిపి, ఏ పాపమూ ఎరుగని వెంకటరామయ్య పెళ్లి భోజనానికి పిలిచాడు. వియ్యంకులిద్దరూ ఎదురెదురుగా కూర్చుని, నీకెక్కడిదంటే నీకెక్కడిదని మాట కలిపితే ఆ మాట కృష్ణ ఒడ్డుకు పోతుంది. అది యోబు రాకముందే ఆగిపోవాలి. ఆగిపోయింది. నీలిగీత ఉన్న యంత్రం మాయమైతే, ఇక బంగారు డొప్ప ఎవరి పెట్టెలో దొరికితే వాడే దొంగ.

మెట్లమీద బూట్ల చప్పుడు. ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆయన వెనక పాండురంగారావు, చేతిలో ఆయన కోసం మజ్జిగ గ్లాసుతో.

"ఏం తేలింది తల్లీ?"

బాలసరస్వతికి వేరే దారి లేదు. ఈ మనిషిని నమ్మలేదు. ఇనుమూ ఇత్తడీ అబద్ధమాడవని మాత్రం నమ్మింది. ఆయన చేతిలోని గడియారాన్ని తీసుకుని, బల్లమీది సన్నని స్క్రూడ్రైవరుతో పరాయి యంత్రాన్ని ఊడదీసింది. తన చేతిలోని దాన్ని లోపల పెట్టింది. బొడిపె మూడు పక్కకు వచ్చి కూర్చున్నది. రెండు మరల తలలూ నల్లబడిన రెండు నెలవంకలలో ఒదిగిపోయాయి. కీ తిప్పింది. గదిలో గడియారం కొట్టుకోవడం అందరికీ వినిపించింది.

పాండురంగారావు మజ్జిగ గ్లాసును ఇన్‌స్పెక్టరుకు అందించబోయి ఆగిపోయాడు.

"ఇది ఇమాం సాహెబ్ గడియారం," అన్నది ఆమె. "నాలుగు దగ్గర చీలిక హజ్రా బీ చెప్పినట్టే ఉన్నది. ఇది ఎవరి చొక్కాలో దొరికిందో ఈ ఇల్లాలు చెబుతుంది."

సుబ్బరత్నం తల ఎత్తలేదు. కానీ మాట స్పష్టంగానే వచ్చింది. "నా తమ్ముడి చొక్కాలో. ఆదివారం మజ్జాన్నం వాడు ఈ మేడమీద భోంచేశాడు. సాయంత్రం రాలేదు. మజ్జాన్నమే వచ్చాడు."

ఇమాం సాహెబ్ పేరు విన్నప్పుడే ఇన్‌స్పెక్టరు ముఖం మారింది. ఆయన బయటికి తీసిన కలానికి తిరిగి మూత బిగించాడు.

"పుట్టెడు దుఃఖంలో వున్న ఆడమనిషి. ఏం మాట్లాడతందో ఆమెకే తెలవదు," అన్నాడు. "మరకు మర ఆనితే ఖూనీ అయిపోద్దా? మునిగిపోయినోడి కథ ఎప్పుడో ముగిసింది. దాన్ని మళ్లీ ఎందుకు తవ్వుతారు?" అని గడియారాన్ని జేబులో వేసుకున్నాడు.

"ఆమె వాంగ్మూలం రాయండి."

"రాయను."

"నేను విన్నాను. నేను చెబుతాను."

"ముద్దాయి పెళ్లాం పిలుచుకొచ్చిన మనిషి మాట ఏ కోర్టు నమ్ముద్దమ్మా?"

పాండురంగారావు గ్లాసు బల్లమీద పెట్టి, అక్క భుజం మీద చెయ్యి వేశాడు. "పద అక్కా. బండి కట్టించా. శావల్యాపురం తోటింటికి పోదాం. అక్కడ ఎవరూ నిన్ను ఇట్లా పీక్కుతినరు."

బాలసరస్వతి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఇన్‌స్పెక్టరు ఆమె మోచెయ్యి పట్టి పక్కకు జరిపాడు. "అక్కాతమ్ముళ్ల మధ్యన మీరెవరు?"

సుబ్బరత్నం మెట్లు దిగుతూ ఒక్కసారి వెనక్కి చూసింది. ఆ చూపు సాయం అడగలేదు. తనను తీసుకుపోతున్నది ఎక్కడికో తెలుసునని మాత్రం చెప్పింది.

ఆ గదిలో ఆమె చెప్పిన మాట విన్నవాళ్లలో ఒకడు ఆమె పక్కనే బండిలో కూర్చున్నాడు. రాయవలసినవాడు రాయనన్నాడు. బాలసరస్వతి మాట చెల్లదని ముందే తీర్పు అయిపోయింది. ఇక మిగిలింది మీరు. మొదటి నుంచీ ఇక్కడే ఉండి ప్రతి అక్షరమూ విన్నారు; వినలేదని తప్పుకోవడానికి వీలులేదు. బండి ఇంకా వీధి మలుపు తిరగలేదు. లేవండి. మీ పేరు చెప్పి, విన్నది విన్నట్టు సాక్ష్యం చెప్పండి.